సామోస్ రేవు దాకా

ఆ యూరప్ వీసా ఫారంలో మూడు గడులున్నాయి. మా దేశాల్లోకి ఎన్నిసార్లు వస్తారు అన్న ప్రశ్న కింద ఒక్కసారి, రెండుసార్లు, అనేకసార్లు అని. నేను మొదటి గడిలో టిక్కు పెట్టాను. నల్ల పెన్నుతో, కింది కాగితం మీద కూడా అచ్చు పడేంత గట్టిగా పెట్టాను. ఇన్నేళ్ళయినా అది గుర్తొస్తే నా చెయ్యి మీద నాకే చిరాకేస్తుంది.

అప్పుడు మేం సింగపూర్‌లో, యూ టీ అనే పేటలో ఉండేవాళ్ళం. కంప్యూటర్ ఉద్యోగాలు వెల్లువలా వచ్చిపడుతున్న రోజులు. నెలకో కొత్త తెలుగు మొహం మా బ్లాకు లిఫ్టులో కనిపించేది. "మీరు ఏ టెక్నాలజీ అండీ?" అన్నదే పలకరింపు. పేరు ఆ తర్వాత, ఊరు ఇంకా ఆ తర్వాత. మా ఆయన రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూసేవారు. నేను సైన్స్ పార్కులో ఒక కంపెనీలో టెస్టర్ని. ఒకళ్ళు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం నా పని. నేను సరే అన్నదాంట్లో ఇక తప్పు దొరకదని ఆఫీసులో పేరుండేది. ఆ పేరు చూసుకుని కాస్త మిడిసిపడేదాన్ని కూడా. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

అమ్మ పోయాక నాన్న తెనాలిలో ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశారు. లాంగ్ టర్మ్ విజిట్ పాస్ తీసుకుని మాతోనే ఉండేవారు. ఆయన జూనియర్ కాలేజీలో చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. పిల్లలు ఆయన్ని మధ్యధరా మాస్టారు అనేవాళ్ళు. రంగు సుద్దముక్కలతో మధ్యధరా సముద్రాన్ని బోర్డు మీద పుస్తకం చూడకుండా గీసేవారు. ఒక్కో రేవుకీ ఒక ఎర్రచుక్క. చివరి చుక్క ఎఫెసస్. అక్కడికి వచ్చేసరికి సుద్దముక్క మార్చి, పక్కన పెద్దగా ఒక కట్టడం బొమ్మ వేసేవారు. కింద ఒక వరస స్తంభాలు, పైన ఒక వరస స్తంభాలు. పాతకాలపు గ్రంథాలయం ముఖద్వారం అది. ఎప్పటిదో పత్రికలోంచి కత్తిరించిన ఫోటో ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఏటా క్లాసుకి తెచ్చి చూపించేవారు. "ఒకప్పుడు సముద్రం ఈ ఊరి గుమ్మం దాకా వచ్చేది. నది మట్టి తెచ్చి రేవు పూడ్చేసింది. ఓడలు రావడం మానేశాయి, ఊరు పోయింది" అని చెప్పేవారు. అలా చెప్పిన మనిషి అప్పటికి తన కళ్ళతో చూసిన సముద్రం బాపట్ల దగ్గర సూర్యలంక ఒక్కటే.

ఒకరోజు నాన్న కింద మార్కెట్‌కి వెళ్ళి పక్క బ్లాకెక్కి, మా నంబరే ఉన్న ఇంకో ఇంటి తలుపుకి మా తాళంచెవి పెట్టి తిప్పుతూ నిలబడ్డారు. ఆ ఇంటి చైనీస్ ఆంటీ మంచిది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆయన జేబులో ఉన్న నా నంబరుకి ఫోన్ చేసింది. అన్ని బ్లాకులూ ఒకేలా ఉంటే ఎవరికైనా అవుతుందిలే అనుకున్నాం. మూడోసారి జరిగాక అలా అనుకోవడం మానేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి నన్ను పక్కకి పిలిచింది. మతిమరుపు జబ్బుకి ఇది మొదలు, నెమ్మదిగా పెరుగుతుంది, ఆయనకి చూపించాలనుకున్నవి ఏవైనా ఉంటే వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యకండి అని చెప్పింది.

చూపించాలనుకున్నది ఒక్కటే. ఆ రెండు వరసల స్తంభాల ముందు నాన్నని నిలబెట్టాలి. అదీ ఆయనకి అదేమిటో తెలుస్తుండగానే. ఇంకేం ఆలోచించలేదు.

ఆయన చుక్కలు పెట్టిన ఆ సముద్రం మీదుగానే తీసుకెళ్ళాలనుకున్నాను. పెద్ద ఓడల్లో వేలమంది ఉంటారు, నాన్న తప్పిపోతారని భయం. వెతగ్గా వెతగ్గా ఒక చిన్న ఓడ దొరికింది. ఎనభై మంది పడతారు. పెద్ద ఓడలు దూరలేని పాత రేవుల్లోకి కూడా వెళ్తుంది. ఏథెన్స్ దగ్గర ఎక్కడం, తర్వాత గ్రీసు ద్వీపాలు మైకొనోస్, డీలోస్, సామోస్. అక్కణ్ణుంచి నీళ్ళు దాటి టర్కీలో కుశదాసి రేవు, అదే ఎఫెసస్‌కి దారి. ఆ తర్వాత రోడ్స్, మళ్ళీ ఏథెన్స్. మా ఆయనకి బ్యాంకులో కొత్త సిస్టమ్ మొదలుపెట్టే వారం, మా అమ్మాయికి బడి. కాబట్టి నేనూ నాన్నే. దాచుకున్న సెలవులన్నీ దీనికే పెట్టాను.

టికెట్లు బుక్ చేసిన ఏజెంటు అమ్మాయి సింగపూర్ పిల్ల. వీసా సంగతి అడిగితే తెల్లమొహం వేసింది. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళంతా సింగపూర్ ఎర్ర పాస్‌పోర్టుల వాళ్ళు, వాళ్ళకి వీసాలే అక్కర్లేదట. "ఫారం మీరే నింపుకోవాలి మేడమ్, నాకు ఐడియా లేదు లా" అంది, అక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే ఆ 'లా'తో. ఫారాలు నింపడం నాకు కొత్తా? ఇలా ఇవ్వు అన్నాను.

ఇక్కడ నా పిరికితనం ఒకటి చెప్పాలి. సింగపూర్ రాకముందు నాకు మద్రాసులో అమెరికా వీసా ఒకసారి తిరగ్గొట్టారు. కిటికీ వెనక ఆయన అడిగినదానికన్నా నేను ఎక్కువ చెప్పాను, ఎక్కువ కాగితాలు తోశాను. రెండు నిమిషాల్లో పాస్‌పోర్టు నా మొహాన తిరిగొచ్చింది. అప్పట్నుంచీ నాకొక సూత్రం. వీసా కిటికీ దగ్గర తక్కువ మాట్లాడాలి, తక్కువ అడగాలి, పళ్ళికిలించాలి. మనవాళ్ళలో ఈ సూత్రం లేని ఇల్లు చూపించండి. ఎక్కువసార్లు రావాలని అడిగితే వీళ్ళు అక్కడే ఉండిపోతారేమో అని అనుమానపడతారు, ఒక్కసారి అంటే పాపం అని ఇచ్చేస్తారు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఆఫీసులో టీ తాగే చోట ఒకళ్ళకొకళ్ళం చెప్పుకునేవాళ్ళం.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద ఫారాలు పరిచాను. అమ్మాయికి అప్పుడు పదేళ్ళు, ఎదురుగా కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. నాన్న నా పక్కన కూర్చున్నారు.

"ఓడలో పెరుగు దొరుకుతుందామ్మా?" అన్నారు.

"దొరుకుతుంది నాన్నా."

కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. ఇంకాసేపటికి మళ్ళీ. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే, "తాతా, యూ ఆస్క్‌డ్ ఆల్రెడీ లా" అంది. నాన్న నవ్వేశారు. "అవునా? సరే సరే" అన్నారు. నేను మాత్రం నవ్వలేదు. పాస్‌పోర్టు నంబర్లు తప్పు పోకుండా రాసే పనిలో ఉన్నాను, ఒళ్ళు మండుతోంది.

అప్పుడు నాన్న ఓడ కంపెనీ పంపిన మ్యాపు ముందుకి లాక్కుని, సామోస్ మీద వేలు పెట్టారు. "ఒక్కసారి అని పెడుతున్నావేమ్మా? ఓడ ఇక్కణ్ణుంచి టర్కీకి వెళ్తుంది కదా. మళ్ళీ రోడ్స్ వస్తుంది. రోడ్స్ గ్రీసుదే. అంటే గ్రీసులోకి రెండుసార్లు వచ్చినట్టవదూ?"

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా ఇలాంటి ప్రశ్న అడిగి ఉంటే భుజం తట్టి అందరికీ చెప్పేదాన్ని. నాన్న అడిగారు కాబట్టి అది నాకు పెరుగు ప్రశ్నలాగే వినిపించింది.

"నాన్నా, మనం విమానం దిగేది ఏథెన్స్‌లో, ఎక్కేది ఏథెన్స్‌లో. మధ్యలో ఓడ ఎటు తిరిగితే మనకేంటి? మీకు తెలీదు, వదిలెయ్యండి. ఇందాకట్నుంచీ ఒకటే ప్రశ్నలు."

"అడిగితే పోయేదేముందమ్మా. ఆ కౌంటర్లో వాళ్ళనే ఓసారి అడుగు."

"అడిగితేనే పోయేది. కాసేపు మాట్లాడకుండా కూర్చోండి."

ఆయన మాట్లాడకుండా కూర్చున్నారు. మ్యాపుని వచ్చిన మడతల్లోనే మళ్ళీ మడిచి నా ముందు పెట్టారు. నేను నా ఫారంలోనూ ఆయన ఫారంలోనూ మొదటి గడిలో టిక్కు పెట్టాను. అడిగింది అడిగినట్టే ఇచ్చారు. వీసా స్టిక్కర్లు చూసి, చూశారా నా తెలివి అని మా ఆయన ముందు ఎగిరాను.

ఓడలో మొదటి రెండు రోజులు ఎంత బాగా గడిచాయో తలుచుకుంటే ఇంకా కోపం వస్తుంది. ఎక్కగానే తెల్ల యూనిఫాం వేసుకున్న ఆఫీసరమ్మ పాస్‌పోర్టులు తీసుకుని, చివరి రోజు దాకా తన దగ్గరే ఉంటాయని చెప్పింది. ప్రయాణికులంతా ముసలి ఇంగ్లీషు వాళ్ళు, ఆస్ట్రేలియా వాళ్ళు. వడ్డించే ఫిలిప్పీన్స్ అబ్బాయి నాన్నకి పూటపూటా తెల్లన్నం, గిన్నెడు పెరుగు ప్రత్యేకంగా తెచ్చిపెట్టేవాడు. నా బ్యాగులోంచి గోంగూర పచ్చడి సీసా బయటికొచ్చేది. కాబిన్ నంబరు కాగితం మీద రాసి నాన్న చొక్కా జేబులో పెట్టాను. అయినా ఒకసారి వేరే వాళ్ళ కాబిన్ తలుపు కొట్టారు. నాలాగే ఆయన కూడా అది పెద్ద విషయం కానట్టు నటించారు.

డీలోస్ ద్వీపంలో మాత్రం ఆయన్ని నేను గుర్తుపట్టలేదు. అంటే పాత నాన్నే, కానీ చాలాకాలమైంది చూసి. రాతి సింహాల వరస ముందు గైడు రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతే, నాన్న అక్కడే ఆగి నాకు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరు కట్టించారు, ఎందుకు కట్టించారు, ఇక్కడ ఏ సరుకు అమ్మేవాళ్ళు, ఇంత చిన్న రాతి దిబ్బకి అన్ని ఓడలు ఎందుకొచ్చేవి. ఒక్క పేరు తడుముకోలేదు. నేను తెలుగులో వింటుంటే ఇంగ్లీషు ముసలి దంపతులు ఇద్దరు పక్కన చేరారు. వాళ్ళ కోసం భాష మార్చి మళ్ళీ మొదట్నుంచీ చెప్పారు. వెళ్ళేటప్పుడు ఆ పెద్దాయన నాన్నతో చెయ్యి కలిపి, "ఎఫెసస్‌లో కూడా మీ వెనకే ఉంటాం ప్రొఫెసర్" అన్నాడు. నాన్న జేబులో కవరు తీసి ఫోటో చూపించారు. ఇక మూడు రోజులే అన్నారు. కాబిన్ నంబరు నిలవని బుర్రలో ఆ లెక్క మాత్రం తప్పలేదు.

మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర ఉండగా ఆఫీసరమ్మ నన్ను తన గదికి పిలిచింది. బల్ల మీద మా రెండు పాస్‌పోర్టులూ తెరిచి ఉన్నాయి. ఆవిడ మర్యాదగానే చెప్పింది. రేపు సామోస్‌లో గ్రీకు పోలీసులు అందరికీ దేశం దాటుతున్నట్టు ముద్ర వేస్తారు. ఎల్లుండి టర్కీ. ఆ తర్వాత రోడ్స్‌లో మళ్ళీ లోపలికి వచ్చినట్టు ముద్ర. మీ వీసా ఒక్కసారికే ఇచ్చారు. ఆ ఒక్కసారీ ఏథెన్స్‌లో దిగినప్పుడే అయిపోయింది. బయటికి వెళ్తే మీరిద్దరూ తిరిగి గ్రీసులో కాలు పెట్టలేరు, ఏథెన్స్‌లో విమానం కూడా ఎక్కలేరు.

"మేము ఓడలోంచి దిగకుండా కూర్చుంటే?" అన్నాను.

"ఓడే బయటికి వెళ్తుంది కదా" అంది ఆవిడ.

ఎంత తేలిక మాట. పదేళ్ళ పిల్లకి కూడా అర్థమయ్యే మాట. సామోస్‌లో దిగిపోయి, దేశంలోపలి విమానంలో ఏథెన్స్ చేరి, అక్కణ్ణుంచి ఇంటికి పోవడం తప్ప దారి లేదంది. టికెట్ పుస్తకం వెనక, వీసాల బాధ్యత ప్రయాణికులదే అని చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. ఆ వేలు చూడగానే నాకు నాన్న వేలు గుర్తొచ్చింది. మ్యాపు మీద, సామోస్ మీద.

నాన్నకి ఎలా చెప్పాలా అని డెక్ మీద గంటసేపు తిరిగాను. చివరికి కాబిన్‌లో మంచం అంచున కూర్చుని చెప్పాను. ఎలా చెప్పానో కూడా రాయాలి. "వీసాలో ఏదో తిరకాసు పెట్టారు నాన్నా. వాళ్ళ రూల్సు. మనల్ని ముందు పోనివ్వరట" అన్నాను. పెట్టారు అన్నాను, పెట్టాను అనలేదు.

నాన్న చేతిలో టోపీ తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత, "సామోస్‌లో ఆ పోలీసుల్ని అడుగుదాం. అడిగితే పోయేదేముంది" అన్నారు.

మర్నాడు సామోస్ రేవులో దిగగానే అడిగాం. పోలీసుల గది రేవు పక్కనే ఉంది. లోపల నెరిసిన మీసాల ఆఫీసరు ఒకాయన. నేను నోరు విప్పేలోపే నాన్న ముందుకెళ్ళి, క్లాసులో మాట్లాడే ఇంగ్లీషులో తానెవరో, ఏం పాఠం చెప్పేవారో, ఎన్నేళ్ళు చెప్పారో చెప్పారు. కవరులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చూశాడు. నాన్నకి కాఫీ తెప్పించాడు. "సార్, మిమ్మల్ని బయటికి పంపడం నా చేతిలో ఉంది. తిరిగి రానివ్వడం నా చేతిలో లేదు. ఈ కాగితం మీద రెండు అని ఉంటే చాలు, నేనే మిమ్మల్ని ఓడ దాకా దిగబెట్టేవాణ్ణి" అన్నాడు. తర్వాత లేచి, నాన్న మోచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. నీళ్ళకి అవతల కొండలు కనిపిస్తున్నాయి. అంత దగ్గరగా ఉంటాయని నేననుకోలేదు. అదే టర్కీ, ఆ కొండల వెనకే మీ ఊరు అన్నాడు. నాన్న ఆయనకి థ్యాంక్స్ చెప్పారు. నేను చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం ఓడ బయల్దేరింది. మేము మా రెండు సూట్‌కేసులతో రేవు గట్టు మీద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. విమానానికి ఇంకా చాలా టైముంది. డెక్ మీంచి ఇంగ్లీషు పెద్దాయన చెయ్యి ఊపాడు, ఫోటోలు పంపిస్తామని అరిచాడు. నాన్న టోపీ తీసి ఊపారు. ఓడ ఎదురుగా ఉన్న ఆ కొండల వైపే తిరిగింది. అది చిన్నదవుతున్నంతసేపూ ఆయన చూస్తూనే ఉన్నారు. నాకు ఏడుపు రాలేదు. నా మీద నాకు అసహ్యం. దాని మీద ఇంకో పొర, ఆయన ఏమీ అనడం లేదేంటని కోపం. తిట్టినా బాగుండును.

అప్పుడు నాన్న నా వైపు తిరిగారు.

"అమ్మా, ఆ రోజు ఇంట్లో ఫారం నింపుతున్నప్పుడు నేను నిన్ను అడిగాను కదూ? గ్రీసులోకి రెండుసార్లు వచ్చినట్టవుతుందేమో అని. అడిగాననే గుర్తు. లేక అడిగాననుకున్నానా?"

ఆ రెండో మాట ఆయన అనకపోయి ఉంటే నేను ఒప్పుకునేదాన్నేమో. ఇప్పుడలా అనుకుంటాను, ఖాయంగా చెప్పలేను. ఆయనే నాకు తలుపు తీసిపెట్టారు. నేను దూరాను.

"లేదు నాన్నా. మీరేం అడగలేదు" అన్నాను.

ఆయన మొహంలో అనుమానం ఎక్కడా లేదు. కాస్త ఆశ్చర్యం, అంతే. "అలాగా? ఎంత స్పష్టంగా ఉందో. మ్యాపు మీద వేలు పెట్టి చూపించినట్టు కూడా గుర్తు" అన్నారు. తర్వాత చిన్నగా నవ్వి, టోపీ పెట్టుకున్నారు. "అయితే ఆ డాక్టరమ్మ చెప్పింది నిజమేనన్నమాట."

అప్పుడైనా చెప్పొచ్చు. లేదు నాన్నా, మీరు అడిగారు, నేనే మీ నోరు మూయించాను అని. నాలుగు మాటలు. నా నోట్లోంచి వచ్చింది, "ఎండగా ఉంది, లోపలికెళ్దాం పదండి" అని.

ఇంటికి వచ్చాం. నాన్న స్నానానికి వెళ్ళారు. మా ఆయన ఏమైందని అడిగితే, వీసాలో ఎంట్రీల గొడవ అన్నాను. మా అమ్మాయి సోఫాలోంచి లేచి వచ్చింది. "బట్ తాత టోల్డ్ యూ, మమ్మీ. ఐ వాజ్ దేర్. హీ షోడ్ యూ ది మ్యాప్" అంది.

"నువ్వు ఊరుకో. పెద్దవాళ్ళ మాటల్లో దూరకు" అన్నాను. అది నా మొహం కేసి ఒక్క క్షణం చూసి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. నా పని పదేళ్ళ పిల్ల చెయ్యాలని కోరుకోవడం ఎంత సిగ్గులేనితనమో అది కూడా తెలుసు.

అంతకుముందు నాన్న నాతో వాదించేవారు. మాత్ర వేసుకున్నారా అంటే వేసుకున్నాను అనేవారు. లేదు వేసుకోలేదు అంటే, "వేసుకున్నానే, నీళ్ళు కూడా ఇక్కడే తాగాను" అని గ్లాసు చూపించేవారు. సగంసార్లు ఆయనదే నిజమయ్యేది. సామోస్ తర్వాత వాదించడం మానేశారు. ఒక చిన్న నోటుపుస్తకం కొనిపించుకుని అన్నీ అందులో రాసుకునేవారు. రాసుకున్నది కూడా నాకు చూపించి, "ఇది జరిగిందేనా అమ్మా?" అని అడిగేవారు. ఇంగ్లీషాయన మాట తప్పకుండా పోస్టులో ఫోటోలు పంపాడు. నాన్న ఒక్కొక్కటీ చూసి, రెండు వరసల స్తంభాల ఫోటో దగ్గర చాలాసేపు ఆగారు. "ఇక్కడికి మనం వెళ్ళలేదు కదూ?" అన్నారు. లేదన్నాను. సరే అని పుస్తకంలో రాసుకున్నారు.

ఆర్నెల్ల తర్వాత డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. ఆవిడ నన్ను కాకుండా నాన్ననే అడిగింది. మతిమరుపు వచ్చిందని మీకు మీరుగా మొదటిసారి ఎప్పుడు నమ్మకం కలిగింది అని. తాళంచెవి సంగతి చెప్తారనుకున్నాను. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని, పాఠం చెప్పేటప్పుడు మాట్లాడినట్టు విడివిడిగా చెప్పారు. సామోస్ అని ఒక ద్వీపం ఉంది, అక్కడ రేవులో కూర్చుని ఉండగా, నేను మా అమ్మాయిని ఒక ముఖ్యమైన ప్రశ్న అడిగానని గట్టిగా అనిపించింది. అడగలేదని తను చెప్పింది. నంబర్లూ ఇళ్ళూ మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. జరగనిది జరిగినట్టు అంత స్పష్టంగా కనిపించాక, ఇక నా బుర్రని నేను నమ్మకూడదని తెలిసింది. కావాలంటే తననే అడగండి అన్నారు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. ఆవిడ కాగితం మీద రాసుకుంది. తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషిని, నా కళ్ళముందే ఒక తప్పు ఆస్పత్రి రికార్డులోకి ఎక్కుతుంటే ఒళ్ళో బ్యాగు పట్టుకుని కూర్చున్నాను. తిరిగి వచ్చేటప్పుడు జురాంగ్ ఈస్ట్‌లో ట్రైను మారి యూ టీ దాకా పక్కపక్కనే కూర్చున్నాం. నాన్న కిటికీలోంచి చూస్తున్నారు. ఇంకో స్టేషన్ దాటాక చెప్దాం, ఇంకోటి దాటాక చెప్దాం అనుకుంటుండగానే మా స్టేషన్ వచ్చేసింది.

చెప్పాను చివరికి. కాకపోతే ఇంకో ఏడాది పట్టింది. ఏదో ఆదివారం సాయంత్రం, మా బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాం. ఎదురు బల్ల దగ్గర ఇద్దరు తాతలు చదరంగం ఆడుతున్నారు. అప్పటికి నాన్న నోటుపుస్తకం కూడా రాయడం లేదు. నా పేరు ఉంది, అమ్మ పేరు ఉంది, మధ్యలో చాలా పోయాయి. నేను ఆయన చెయ్యి పట్టుకుని మొత్తం చెప్పాను. ఫారం సంగతి, గడుల సంగతి, మ్యాపు మీద వేలు, నేను కసురుకోవడం, రేవులో నేను చెప్పిన అబద్ధం. ఏదీ దాచలేదు. "మీరు అడిగారు నాన్నా. మీకున్న గుర్తే నిజం. నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన ఓపిగ్గా విన్నారు. నేను ఏడుస్తున్నానని బాధ తప్ప ఆ కథలో ఏదీ ఆయనకి తెలిసినట్టు లేదు. నా చేతి మీద రెండుసార్లు తట్టారు.

"ఏ ఓడో, ఏ ఊరో నాకేం గుర్తులేదమ్మా" అన్నారు. "అడిగానని నువ్వంటే అడిగే ఉంటాను."